సినిమా ఇంట్లోనే... సున్నా చుట్టేదెవరు?

పక్క గదిలో సర్వర్‌. హాల్లో టీవీ. మధ్యలో ఒక్క గోడ. ఎక్కడో ముంబయిలోనో సింగపూర్‌లోనో ఉన్న కంప్యూటర్‌ నుంచి ఓటీటీ సినిమా సాఫీగా వచ్చేస్తుంది. సొంత హార్డ్‌డిస్కులో ఉన్న పెళ్లి వీడియో మాత్రం సరిగ్గా మాంగల్యధారణ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, తెర మధ్యలో సున్నా తిరగడం మొదలుపెడుతుంది. వెంటనే ఇంటర్నెట్‌ కంపెనీకి ఫోన్‌. ఆ తర్వాత ఖరీదైన ప్లాన్‌, అదీ చాలకపోతే కొత్త రౌటర్‌... డబ్బు పోతుంది కానీ సున్నా పోదు. చాలా ఇళ్లలో లోపం ఉన్నది అక్కడ కాదు మరి!

ఇంటి సర్వర్‌ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్‌ కావచ్చు, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కావచ్చు, రెండు డిస్కులు పెట్టుకునే నాస్‌ పెట్టె కావచ్చు. పిల్లల వీడియోలు, పెళ్లి ఆల్బమ్‌లు, కొనుక్కున్న డిస్కుల నుంచి తీసి దాచుకున్న సినిమాలు అందులో ఉంటాయి. వాటిని పోస్టర్లతో సహా టీవీలో పేర్చి చూపించేవి ప్లెక్స్‌, జెల్లీఫిన్‌, ఎంబీ, కోడి లాంటి సాఫ్ట్‌వేర్లు. ఎక్స్‌బాక్స్‌ గేమ్‌ యంత్రంలో సినిమాలు చూసుకోవడానికి ఔత్సాహికులు రాసుకున్న ఎక్స్‌బీఎంసీయే 2014లో కోడిగా పేరు మార్చుకుంది. దాన్ని మ్యాక్‌ కంప్యూటర్లలోకి తెచ్చే ప్రయత్నంలోంచి ప్లెక్స్‌ పుట్టింది. ఎంబీ తన కోడ్‌ను మూసేసుకోవడంతో 2018 డిసెంబరులో కొందరు వేరుపడి జెల్లీఫిన్‌ను మొదలుపెట్టారు.

ఏది వాడినా సూత్రం ఒకటే. ఇంట్లోని సర్వర్‌ నుంచి ఇంట్లోని టీవీకి వెళ్లే బొమ్మ వీధిలోని ఫైబర్‌ వైరు ముఖం కూడా చూడదు. రౌటర్‌ దాకా వెళ్లి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. జెల్లీఫిన్‌ లాంటిదయితే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ పీకేసినా సినిమా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి నెలకు ఎంత కట్టి ఎంత వేగం తెచ్చుకున్నా ఈ దారికి ఒరిగేదేమీ లేదు.

ఓటీటీకి లేని బరువు

మరి ఓటీటీ ఎందుకు ఆగదు? వాళ్లు ఒకే సినిమాను ముందుగానే రకరకాల పరిమాణాల్లో తయారుచేసి పెట్టుకుంటారు. నెట్‌ వేగం తగ్గితే చప్పుడు కాకుండా చిన్న పరిమాణానికి దిగిపోతారు. బొమ్మ కాస్త మసకబారుతుందే తప్ప ఆగదు. పైగా బాగా కుదించి పంపుతారు. 4కే నాణ్యతకు నెట్‌ఫ్లిక్స్‌ అడిగే వేగం 15 ఎంబీపీఎస్‌ మాత్రమే. అదే 4కే బ్లూరే డిస్కులో అయితే గరిష్ఠంగా 128 ఎంబీపీఎస్‌ వరకూ ఉండొచ్చు. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు వాడే సోనీ కెమెరాలు చాలావరకు 4కేను 100 ఎంబీపీఎస్‌తో రికార్డు చేయగలవు. ఎడిటింగ్‌కు ముందున్న ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఉన్నవి ఉన్నట్టు సర్వర్‌లో వేసేస్తే, ఓటీటీ సినిమాకు ఆరేడు రెట్ల బరువును టీవీ నెత్తిన పెట్టినట్టే.

ఫైలు బరువెంతో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. 60 జీబీ సినిమా రెండున్నర గంటలు నడుస్తుందనుకుందాం. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి 60 జీబీ అంటే సుమారు 4,80,000 మెగాబిట్లు. దాన్ని 9,000 సెకన్లతో భాగిస్తే సెకనుకు 53 మెగాబిట్లు, అంటే 53 ఎంబీపీఎస్‌. ఇది సగటు మాత్రమే. వాన కురిసే సీన్లు, జనం కిక్కిరిసిన యుద్ధాలు, రంగు పొడులు చల్లే పాటలు వచ్చినప్పుడు ఇది ఎన్నో రెట్లు కాకపోయినా రెట్టింపు దాకా ఎగబాకొచ్చు. మాటలు నడుస్తున్నంతసేపూ బాగున్న సినిమా ఫైట్‌ రాగానే ఆగిపోవడంలో మర్మం ఇదే.

వచ్చే వీడియోను ముందుగా కొంత నిల్వచేసుకునే బఫర్‌ పని ఇంటి మీది నీళ్ల ట్యాంకు పనే. మోటారు నింపుతుంటుంది, కుళాయి ఖాళీ చేస్తుంటుంది. ఎక్కే నీటికన్నా దిగేది ఎక్కువైతే ఎంత పెద్ద ట్యాంకైనా ఎప్పుడో ఒకప్పుడు అడుగంటుతుంది. అందుకే కోడి లాంటి వాటిలో బఫర్‌ పరిమాణం పెంచుకునే వీలున్నా, అది అప్పుడప్పుడూ వచ్చే చిన్న ఒడుదొడుకులకే మందు.

మార్పిడి మొదలైతే మంటే

అన్ని టీవీలూ అన్ని ఫైళ్లనూ నేరుగా చూపించలేవు. అందుకే సర్వర్‌ ముందు మూడు దారులుంటాయి. ఫైలును ఉన్నదున్నట్టు పంపేస్తే డైరెక్ట్‌ ప్లే. సర్వర్‌కు దాదాపు పనే ఉండదు. లోపలి బొమ్మను ముట్టుకోకుండా పైనున్న పెట్టె మాత్రం మార్చి పంపితే డైరెక్ట్‌ స్ట్రీమ్‌. దీనికీ శ్రమ తక్కువే. బొమ్మను మొత్తం విప్పి, మళ్లీ టీవీకి నచ్చేలా అప్పటికప్పుడు కుదించి పంపాల్సి వస్తే ట్రాన్స్‌కోడింగ్‌. అసలు చిక్కు దీనితోనే.

ఈ పనికి ఎంత సత్తువ కావాలో ప్లెక్స్‌ ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తే అర్థమవుతుంది. మామూలు 1080పీ సినిమా ఒకదాన్ని మార్చాలంటే ప్రాసెసర్‌కు దాని సత్తాను కొలిచే పాస్‌మార్క్‌ స్కోరు సుమారు 2,000 ఉండాలి. 4కే హెచ్‌డీఆర్‌ సినిమాకు 17,000 కావాలి. పాత ల్యాప్‌టాప్‌ ఫ్యాను ఒక్కసారిగా గోల పెట్టడం మొదలైందంటే లోపల ఈ మార్పిడి జరుగుతోందన్నమాటే. జెల్లీఫిన్‌ లాగ్‌లో మార్పిడి వేగం కూడా కనిపిస్తుంది. అది 1 కన్నా ఎక్కువుంటే సర్వర్‌ సినిమా కన్నా ముందు పరిగెడుతున్నట్టు. 0.8 దగ్గరే ఉండిపోతే పది సెకన్ల సినిమా తయారవడానికి పన్నెండున్నర సెకన్లు పడుతున్నట్టు. ఇక సున్నా తిరగక ఏం చేస్తుంది?

ప్రాసెసర్‌ మీద భారం పడకుండా వీడియో కోసమే ఉన్న భాగానికి ఈ పని అప్పగించొచ్చు. ఇంటెల్‌ చిప్‌లలో 2011 నుంచీ క్విక్‌ సింక్‌ పేరుతో ఆ భాగం ఉంది. కానీ 10 బిట్‌ హెచ్‌ఈవీసీ ఫైళ్లను, అంటే ఇప్పటి 4కే హెచ్‌డీఆర్‌ సినిమాలను, పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పడం ఏడో తరం చిప్‌లతో మొదలైంది. కరెంటు అతి తక్కువ తాగే ఎన్‌100 చిప్‌ ఉన్న చిన్న మినీ పీసీలు ఇంటి సర్వర్లుగా అంత పేరు తెచ్చుకున్నది ఈ బలంతోనే. రాస్ప్‌బెర్రీ పై 5 ప్రాసెసర్‌ పాతదానికన్నా ఎంతో వేగమైంది. కానీ అందులో వీడియోను కుదించే హార్డ్‌వేరే లేదు. ఫైళ్లను నేరుగా పంపడానికి భేషుగ్గా పనికొస్తుంది, 4కే మార్పిడి దగ్గర చతికిలపడుతుంది. మార్పిడిని హార్డ్‌వేర్‌కు అప్పగించే సదుపాయం జెల్లీఫిన్‌లో ఉచితం. ప్లెక్స్‌లో డబ్బు కట్టి ప్లెక్స్‌ పాస్‌ తీసుకోవాలి. రెండింటిలోనూ సెట్టింగుల్లోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడం అవసరం.

కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైళ్లలో ఇంకో మెలిక ఉంది. కొత్త కెమెరాలు హెచ్‌.264లోనే 10 బిట్‌, 4:2:2 రంగులతో రికార్డు చేయగలుగుతున్నాయి. ఎడిటింగ్‌కు అది వరం. టీవీలకు మాత్రం మింగుడుపడదు. చాలా ఇంటెల్‌ చిప్‌లలోని క్విక్‌ సింక్‌ కూడా దాన్ని విప్పలేదు. అలాంటివాటిని హ్యాండ్‌బ్రేక్‌ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఓ రాత్రి కూర్చోబెట్టి మామూలు హెచ్‌ఈవీసీలోకి మార్చి దాచుకోవడమే దారి. ఒక్కసారి మారిస్తే చూసిన ప్రతిసారీ మార్చే పని తప్పుతుంది.

సబ్‌టైటిల్‌ తీసి చూడండి

కొరియన్‌ సినిమా సబ్‌టైటిల్‌ లేకుండా హాయిగా నడుస్తుంది, పెట్టగానే ఆగి ఆగి వస్తుంది. నాలుగు పొడి అక్షరాలకే ఇంత బరువా అనిపిస్తుంది. ఎస్‌ఆర్‌టీ రకం సబ్‌టైటిళ్లు ఉత్త అక్షరాలే. టీవీయే వాటిని బొమ్మ మీద రాసుకుంటుంది. బ్లూరే డిస్కుల నుంచి వచ్చే పీజీఎస్‌ రకంలో ప్రతి వాక్యమూ ఒక చిత్రం. చాలా టీవీ యాప్‌లు దాన్ని విడిగా చూపించలేవు. దాంతో సర్వరే ప్రతి ఫ్రేము మీదా ఆ చిత్రాన్ని అతికించి, సినిమా మొత్తాన్ని మళ్లీ కుదించాల్సి వస్తుంది. ఎస్‌ఆర్‌టీ ఫైలు దొరికితే దాన్ని సినిమా పక్కనే, అదే పేరుతో పెడితే ఈ భారమంతా మాయం.

ధ్వనితోనూ ఇలాంటి పేచీయే. శాంసంగ్‌ 2018 మోడళ్ల నుంచి టీవీల్లో డీటీఎస్‌ను తీసేసింది. ఆ ట్రాకున్న సినిమా వేస్తే సర్వర్‌ ధ్వనిని మార్చి పంపాలి. ధ్వని మార్పిడి తేలికే కాబట్టి అదొక్కటే సినిమాను ఆపదు. కానీ ఫైల్లో మామూలు డాల్బీ డిజిటల్‌ ట్రాకు కూడా ఉంటే దాన్ని ఎంచుకోవడం మేలు.

అన్నిటికన్నా తేలిగ్గా తప్పించుకు తిరిగే దొంగ టీవీ యాప్‌లోని క్వాలిటీ సెట్టింగు. అక్కడ ఎవరో ఎప్పుడో పరిమితి పెట్టి ఉంటే టీవీకి సత్తా ఉన్నా సర్వర్‌ పాపం ఫైలును తగ్గించడానికే తంటాలు పడుతుంది. ఇంటి లోపలి స్ట్రీమింగ్‌కు దాన్ని ఒరిజినల్‌ లేదా మ్యాగ్జిమమ్‌లో ఉంచాలి.

వైరే నెమ్మది!

డైరెక్ట్‌ ప్లే అవుతున్నా ఆగుతోందంటే చూపు దారి మీదికి మళ్లించాలి. ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచే నిజం ఒకటుంది. లక్ష రూపాయలు దాటిన 4కే టీవీల్లోనూ వెనకనుండే నెట్‌వర్క్‌ పోర్టు ఎక్కువగా 100 ఎంబీపీఎస్‌దే. అందులో చేతికందేది 94 దాకా. ఓటీటీలకు అది కావలసినదానికన్నా ఎక్కువ కాబట్టి కంపెనీలు అక్కడితో సరిపెట్టాయి. 100 ఎంబీపీఎస్‌ పెళ్లి ఫైలు మాత్రం అందులో పట్టదు. వైఫై కన్నా వైరే మేలన్న మాట మామూలుగా నిజమే అయినా, రౌటర్‌ దగ్గరగా ఉన్న ఇంట్లో అదే టీవీ 5 గిగాహెర్ట్జ్‌ వైఫై మీద అంతకు రెండు మూడు రెట్లు లాగగలదు.

వైఫైలో బ్యాండ్‌ ఏదన్నది ముఖ్యం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్టుమెంట్లో పైనా కిందా పక్కనా ఉన్న రౌటర్లన్నీ ఆ మూడింటి మీదే తోసుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్‌ ఓవెన్‌ పనిచేసేదీ ఆ చుట్టుపక్కలే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018 అక్టోబరులో ఆ బ్యాండ్‌లో ఇంకా చాలా భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అయితే అది గోడలు దాటడంలో బలహీనం. ఇటుక గోడలు రెండు, కాంక్రీటు శ్లాబు ఒకటి అడ్డొస్తే పై అంతస్తు పడకగదికి చేరేది అరకొరే. సర్వర్‌, టీవీ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి బిట్టూ గాల్లో రెండుసార్లు ప్రయాణించాలి, వేగం సగమవుతుంది. సర్వర్‌నైనా వైరుతో రౌటర్‌కు కలిపితే ఆ సగం తిరిగొస్తుంది.

వైర్లలోనూ మోసముంది. గిగాబిట్‌ వేగానికి క్యాట్‌ 5ఈ కేబుల్‌లోని 8 తీగలూ అతకాలి. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. క్రింపింగ్‌లో మిగతా నాలుగింటిలో ఒక్క తీగ సరిగా కూర్చోకపోయినా కనెక్షన్‌ పోదు, చడీచప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. నెట్‌ కంపెనీ ఇచ్చే ఫైబర్‌ డబ్బాల్లో కొన్నింటికి గిగాబిట్‌ పోర్టు ఒకటే ఉంటుంది, మిగతావి 100వే. సర్వర్‌ ఏ పోర్టులో ఉందో ఓసారి వంగి చూడాల్సిందే.

హార్డ్‌డిస్క్‌ మీద అనుమానం చాలామందికి వస్తుంది కానీ, అది దోషిగా తేలేది అరుదు. పాత యూఎస్‌బీ 2.0 డిస్కు కూడా సెకనుకు 30 మెగాబైట్లు, అంటే 240 ఎంబీపీఎస్‌ ఇస్తుంది. నిద్రలో ఉన్న డిస్కు లేచి తిరగడానికి మొదట్లో కొన్ని సెకన్లు తీసుకుంటుంది, అంతే.

ఇంట్లో ఉన్నా పరాయే

ప్లెక్స్‌ వాడేవారికి ఒక ప్రత్యేకమైన ఇక్కట్టు ఉంది. టీవీ గెస్ట్‌ వైఫైలో ఉన్నా, రౌటర్‌లో డీఎన్‌ఎస్‌ రీబైండింగ్‌ రక్షణ (బయటి పేరు ఇంటి లోపలి చిరునామాకు దారితీయకుండా అడ్డుకునేది) గట్టిగా ఉన్నా యాప్‌ పక్క గదిలోని సర్వర్‌ను నేరుగా చేరుకోలేకపోవచ్చు. అప్పుడది ప్లెక్స్‌ కంపెనీ రిలే ద్వారా చుట్టుతిరిగి వస్తుంది. ఆ రిలే 2 ఎంబీపీఎస్‌ మించనివ్వదు. డ్యాష్‌బోర్డులో ఇండైరెక్ట్‌ అని కనిపిస్తే ఇదే జబ్బు. టీవీని అసలు నెట్‌వర్క్‌లోకి మార్చడం, రౌటర్‌లో ప్లెక్స్‌ చిరునామాకు మినహాయింపు ఇవ్వడం దీనికి విరుగుడు.

వరసగా ఇలా

1. సినిమా నడుస్తుండగా సర్వర్‌ డ్యాష్‌బోర్డు తెరవండి. డైరెక్ట్‌ ప్లేనా, ట్రాన్స్‌కోడా? కారణం కూడా జెల్లీఫిన్‌లో అక్కడే ఉంటుంది.
2. ట్రాన్స్‌కోడ్‌ అయితే సబ్‌టైటిల్‌ తీసేయండి. తర్వాత క్వాలిటీ సెట్టింగు, ఆ తర్వాత ధ్వని ట్రాకు మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే.
3. డైరెక్ట్‌ ప్లే అయితే తేలికైన ఫైలు ఒకటి వేయండి. అది ఆగకపోతే దారి ఇరుకని అర్థం.
4. ఐపెర్ఫ్‌3 అనే ఉచిత సాధనంతో సర్వర్‌కూ టీవీ దగ్గర పెట్టిన ల్యాప్‌టాప్‌కూ మధ్య వేగం కొలవండి. నెట్‌ స్పీడ్‌ టెస్టులు కొలిచేది వేరే దారిని.
5. అన్నీ బాగుండి రాత్రిపూట మాత్రమే ఆగుతుంటే, సర్వర్‌ ఆ వేళ కొత్త ఫైళ్లకు థంబ్‌నెయిల్స్‌ తయారుచేస్తోందేమో చూడండి.

సముద్రం దాటితే

ఇంతవరకూ ఇంటర్నెట్‌ నిర్దోషి. సర్వర్‌ డాలస్‌లో కొడుకింట్లో ఉండి, మనవరాలి పుట్టినరోజు వీడియోను తాతయ్య కరీంనగర్‌లో చూస్తుంటే మాత్రం కేసు మారుతుంది. అక్కడ లెక్కలోకొచ్చేది కొడుకింటి డౌన్‌లోడ్‌ కాదు, అప్‌లోడ్‌. అమెరికాలో కేబుల్‌ ఇంటర్నెట్‌కు అది డౌన్‌లోడ్‌లో చిన్న భాగమే. దూరం సంగతి సరేసరి. సంకేతం వెళ్లి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆ దారిలో వెయ్యి ప్యాకెట్లకు ఒకటి పోయినా డేటా రవాణాను నడిపే పాత తరహా టీసీపీ జంకి, ఒక్కో కనెక్షన్‌ వేగాన్ని 2 ఎంబీపీఎస్‌ దగ్గరికి దించేసుకుంటుంది. గూగుల్‌ 2016లో బయటపెట్టిన బీబీఆర్‌ పద్ధతి అలా పోయిన ప్రతి ప్యాకెట్‌కూ బెదిరిపోదు. లైనక్స్‌ సర్వర్‌లో దాన్ని ఆన్‌ చేసుకోవడానికి రెండు లైన్లు చాలు.

సర్వర్‌ హైదరాబాద్‌లో, చూసేవాళ్లు అమెరికాలో ఉంటే ఇంకో గోడ. ఆసియా పసిఫిక్‌కు పంచిపెట్టే పాతతరం ఐపీ చిరునామాలు 2011 ఏప్రిల్‌కే అడుగంటాయి. దాంతో చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకు ఒకే చిరునామా పంచుతున్నాయి. రౌటర్‌ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ఆ ఇల్లు అందులో ఒకటి. బయటి నుంచి నేరుగా తలుపు తట్టడం కుదరదు. టెయిల్‌స్కేల్‌ లాంటి ప్రైవేట్‌ నెట్‌వర్క్‌ సాధనాలు రెండు ఇళ్లనూ కలిపి ఈ గోడను చాలాసార్లు దాటిస్తాయి.

తాతయ్యకు రోజూ కావాలంటే ఇంకో పద్ధతి ఉంది. కరీంనగర్‌ ఇంట్లోనే ఒక చిన్న పెట్టె పెట్టి, డాలస్‌లో వేసిన ప్రతి వీడియో సింక్‌థింగ్‌ అనే సాఫ్ట్‌వేర్‌ ద్వారా రాత్రికి రాత్రి అందులోకి దిగేలా చేయొచ్చు. 10 జీబీ ఫైలైనా 5 ఎంబీపీఎస్‌ దారిలో నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుంది. పొద్దున్న తాతయ్య టీవీ పెట్టే వేళకు ఆ వీడియో ఆయన ఇంటి వైఫై మీదే డైరెక్ట్‌ ప్లే అవుతుంది.