ఇద్దరు కలిసి లైవ్ పెట్టాలంటే: వాయిస్ చాట్ సెట్టింగులు మొదటి నుంచి చివరి దాకా



ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లలో ఇప్పుడు చాలామంది యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నారు. ఒక్కరే కూర్చుని గంటసేపు మాట్లాడటం కష్టం. అదే ఇద్దరుంటే ఒకరు చెబుతారు, ఇంకొకరు అడుగుతారు, చూసేవాళ్లకూ విసుగు రాదు. కానీ ఆ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండరు కదా! ఒకాయన అనంతపురం వైపు వేరుశనగ చేలో ఉంటాడు, ఇంకొకాయన నిజామాబాద్‌లో పసుపు పండిస్తుంటాడు అనుకుందాం. ఈ ఇద్దరి గొంతులూ ఒకే లైవ్‌లో స్పష్టంగా వినపడాలంటే ఏం చేయాలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం. వీడియో పక్కన పెట్టుకుని చదివితే ఇంకా తేలిక.

మాట తెగితే ఏమవుతుంది?

లైవ్‌లో బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట తెగితే మాత్రం నష్టం చేనుకే. ఉదాహరణకి, "200 లీటర్ల నీటిలో 20 లీటర్ల జీవామృతం వడగట్టి కలిపి పిచికారీ చేయండి" అని మీరు చెబుతున్నారు. సిగ్నల్ తగ్గి మధ్యలో రెండు మూడు మాటలు ఎగిరిపోయాయి. వినేవాళ్లకు "200 లీటర్ల జీవామృతం వడగట్టి పిచికారీ చేయండి" అని వినపడింది. భూమికి పారించేది ఎకరాకు 200 లీటర్లే కాబట్టి వాళ్లకు అనుమానం కూడా రాదు. నీళ్లు కలపకుండానే లేత ఆకు మీద కొట్టేస్తారు. అందుకే కెమెరాకి పెట్టే శ్రద్ధ కన్నా గొంతుకి పెట్టే శ్రద్ధ ఎక్కువ ఉండాలి.

ఇది ఎలా పనిచేస్తుంది?

చాలామంది ఇద్దరూ యూట్యూబ్‌కి పంపాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. యూట్యూబ్‌కి పంపేది ఒక్క కంప్యూటరే. రెండో మనిషి గొంతు వాయిస్ చాట్ ద్వారా ఆ కంప్యూటర్‌కి వస్తుంది. అక్కడ ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇద్దరి గొంతులనూ, కెమెరా బొమ్మనూ కలిపి యూట్యూబ్‌కి పంపుతుంది. మన ఉదాహరణలో నిజామాబాద్ ఆయన ఇంట్లో కంప్యూటర్ దగ్గర కూర్చుంటాడు, అనంతపురం ఆయన చేలోంచి ఫోన్‌లో మాట్లాడతాడు.

చేలో ఉన్న మనిషి వీడియో పంపకుండా గొంతు మాత్రమే పంపడంలో పెద్ద లాభం ఉంది. సెకనుకు 64 కిలోబిట్ల గొంతు గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది. పోవడానికి ఒక 29, రావడానికి ఒక 29, మొత్తం 60 ఎంబీ లోపు, పైన కొద్దిగా. అదే 2,500 కిలోబిట్ల వీడియో అయితే గంటకు 1.1 జీబీ దాటుతుంది. వీడియో ఆగిపోయే చోట కూడా గొంతు వెళ్లిపోతుంది. చేను ఫోటోలు, చిన్న వీడియో ముక్కలు ముందే పంపించుకుంటే కంప్యూటర్ దగ్గరున్నాయన అవి తెర మీద వేస్తాడు.

వాయిస్ చాట్‌కి ఇక్కడ డిస్కార్డ్ తీసుకుంటున్నాం. ఇది 2015లో ఆటలు ఆడుకునేవాళ్ల కోసం వచ్చింది కానీ మనలాంటి పనికి బాగా సరిపోతుంది. ఉచితం, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, ఒక్కో మనిషి శబ్దం విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మీకు వేరే సాఫ్ట్‌వేర్ అలవాటుంటే అదే వాడుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

కావాల్సినవి

కంప్యూటర్ వైపు: విండోస్ కంప్యూటర్, హెడ్‌ఫోన్, మైక్, నిలకడగా ఉండే ఇంటర్నెట్.
చేను వైపు: స్మార్ట్‌ఫోన్, మైక్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్, నిండా ఛార్జింగ్.

ఇద్దరికీ హెడ్‌ఫోన్ తప్పనిసరి. స్పీకర్‌లో వింటే అవతలి వాళ్ల గొంతు మళ్లీ మీ మైక్‌లోకి దూరి ప్రతిధ్వని వస్తుంది.

డిస్కార్డ్ సిద్ధం చేసుకోవడం

తెర మీద ఇంగ్లీషులో కనిపించే పేర్లనే ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం.

1. ఇద్దరూ డిస్కార్డ్‌లో ఖాతా తెరవండి. కంప్యూటర్ ఆయన ఎడమ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి కొత్త సర్వర్ చేసుకోవాలి. సర్వర్ అంటే భయపడకండి, మీ ఇద్దరికీ ఒక గది లాంటిది, అంతే.

2. ఆ సర్వర్ నుంచి ఇన్వైట్ లింకు తీసి వాట్సాప్‌లో రెండో ఆయనకి పంపండి. ఆ లింకుకి గడువు ఉంటుంది, కాబట్టి వచ్చిన వెంటనే చేరిపోమనండి. గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. లైవ్ మధ్యలో తెలియనివాళ్లు గదిలోకి వచ్చి మాట్లాడితే అదీ యూట్యూబ్‌లోకి పోతుంది.

3. సర్వర్‌లో ఉండే వాయిస్ ఛానల్ నొక్కితే ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. ఆ ఛానల్ సెట్టింగ్స్‌లో బిట్‌రేట్ అని ఉంటుంది, మామూలుగా 64 ఉంటుంది. చేలో సిగ్నల్ బలహీనంగా ఉంటే 32కి తగ్గించండి. మాట అర్థం కావడానికి అది చాలు.

4. యూజర్ సెట్టింగ్స్‌లో వాయిస్ అండ్ వీడియో తెరవండి. ఇన్‌పుట్ దగ్గర మీ మైక్, అవుట్‌పుట్ దగ్గర మీ హెడ్‌ఫోన్ ఎంచుకోండి. "డిఫాల్ట్" అని వదిలేస్తే లాప్‌టాప్ లోపలి మైక్ పట్టుకునే అవకాశం ఉంది. అక్కడే మైక్ టెస్ట్ ఉంటుంది, మీ గొంతు మీకే వినిపిస్తుంది.

5. అదే పేజీలో నాయిస్ సప్రెషన్ ఉంటుంది. అందులో క్రిస్ప్ అనేది మోటారు చప్పుడు, ఫ్యాన్ హోరు లాంటివి తీసేసి గొంతు మిగుల్చుతుంది. బోరు పక్కన నిలబడి మాట్లాడేటప్పుడు ఆన్‌లో ఉంచండి. కానీ తేనెటీగల రొద, పిట్టల కూతలు వినిపించాలనుకుంటే ఆఫ్ చేయాలి, లేకపోతే వాటినీ చెత్త శబ్దం అనుకుని కోసేస్తుంది.

6. స్ట్రీమర్ మోడ్ ఆన్ చేయండి. తెర లైవ్‌లో కనపడినా మీ ఈమెయిలు, ఇన్వైట్ లింకులు బయటపడవు.

ఓబీఎస్‌లో గొంతు కలపడం

యూట్యూబ్‌లో ఇంతవరకు లైవ్ చేయకపోతే ముందు ఛానల్‌లో లైవ్ ఆన్ చేయండి. మొదటిసారి అది అందుబాటులోకి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, కాబట్టి ఆ రోజు కూర్చుంటే కుదరదు. తర్వాత యూట్యూబ్ స్టూడియోలో కనిపించే స్ట్రీమ్ కీని ఓబీఎస్ సెట్టింగ్స్‌లోని స్ట్రీమ్ దగ్గర పెట్టండి. ఈ కీ ఇంటి తాళంచెవి లాంటిది. అది దొరికినవాళ్లు మీ ఛానల్‌లో లైవ్ పెట్టగలరు. రెండో ఆయనకి దాని అవసరం లేదు.

ఇక ముఖ్యమైన పని. ఓబీఎస్‌లో సోర్సెస్ కింద ప్లస్ నొక్కి "అప్లికేషన్ ఆడియో క్యాప్చర్" ఎంచుకుని, అందులో డిస్కార్డ్‌ని చూపించండి. ఇది 28వ వెర్షన్ నుంచి ఉంది. పాతది ఉంటే కొత్తది వేసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఆడియోకి వెళ్లి డెస్క్‌టాప్ ఆడియోని డిజేబుల్ చేయండి. ఈ రెండోది మర్చిపోతే డిస్కార్డ్ గొంతు రెండు దార్లలో వచ్చి, ఒకే మనిషి రెండుసార్లు మాట్లాడినట్టు ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. కంప్యూటర్‌లో మెసేజ్ వచ్చి టింగుమన్నా లైవ్‌లోకి పోదు.

ఇప్పుడు ఆడియో మిక్సర్ చూడండి. మీ మైక్‌కి ఒక పట్టీ, డిస్కార్డ్‌కి ఒక పట్టీ కనపడతాయి. ఇద్దరూ మామూలుగా మాట్లాడేటప్పుడు పట్టీ పసుపు రంగులో ఆడాలి, అంటే మైనస్ 20కి మైనస్ 9కి మధ్య. పచ్చలోనే ఉంటే వినపడదు, ఎరుపు చివరికి తగిలితే గొంతు పగిలినట్టు వస్తుంది. ఒకరిది పెద్దగా, ఒకరిది చిన్నగా ఉంటే డిస్కార్డ్‌లో ఆయన పేరు మీద రైట్ క్లిక్ చేసి యూజర్ వాల్యూమ్ సరిచేయండి.

చేలో ఉన్నాయన చూసుకోవాల్సినవి

ఫోన్‌కి మామూలు కాల్ వస్తే మైక్ దాని చేతికి పోతుంది, లైవ్‌లో మీ గొంతు ఆగిపోతుంది. వీలైతే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంట్లోవాళ్ల ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వైఫై తీసుకోండి. బ్యాటరీ ఆదా సెట్టింగ్ డిస్కార్డ్‌కి తీసేయండి, లేకపోతే స్క్రీన్ ఆరిపోగానే కొన్ని ఫోన్లు యాప్‌ని ఆపేస్తాయి. ఇయర్‌ఫోన్ మైక్ కండువాకి, చొక్కా గుండీలకి రాసుకోకుండా చూడండి, ఆ గరగర ఏ సెట్టింగుకీ పూర్తిగా పోదు. గాలికి వీపు పెట్టి నిలబడండి. సిగ్నల్ ఏ గట్టు మీద బాగుందో ముందు రోజే చూసి పెట్టుకోండి.

యూట్యూబ్ ఆలస్యం

డిస్కార్డ్‌లో మాట దాదాపు వెంటనే చేరుతుంది. యూట్యూబ్‌లో మాత్రం చాలా సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అందుకే రెండో ఆయన యూట్యూబ్ లైవ్ వింటూ మాట్లాడకూడదు, తన పాత మాటే చెవిలో పడి తికమక అవుతుంది. కామెంట్లు చదవాలంటే యూట్యూబ్‌ని మ్యూట్‌లో పెట్టి తెరవండి. ప్రశ్న అడిగిన రైతుకి జవాబు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, ముందు ప్రశ్నని పైకి చదివి తర్వాత జవాబు చెప్పండి.

మాట్లాడే పద్ధతి

సెట్టింగులు ఎంత బాగున్నా సిగ్నల్ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. అక్కడ కాపాడేది రెండో మనిషే. కాబట్టి ముందే ఒక ఒప్పందం పెట్టుకోండి: ఒకరు ఏ కొలత చెప్పినా రెండో వాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. "అన్నా, 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి అన్నారు, అంతేనా?" "అంతే తమ్ముడూ." ఒకరి దగ్గర తెగినా ఇంకొకరి దగ్గర వినపడుతుంది. కొలతల్ని ఓబీఎస్‌లో టెక్స్ట్‌గా తెర మీద కూడా వేస్తే ఇంకా మంచిది.

ఇంకోటి. ఆంధ్రలో సెంట్లు అంటారు, తెలంగాణలో గుంటలు అంటారు. ఎకరాకి 100 సెంట్లు, 40 గుంటలు. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు. "పది గుంటల్లో వేశాను" అని ఒకరంటే "అంటే పాతిక సెంట్లు" అని రెండో ఆయన అందుకోవాలి.

ఎవరైనా రైతుని వాయిస్ ఛానల్‌లోకి పిలిస్తే, మీ మాట లైవ్‌లో వెళ్తోందని ముందే చెప్పి, సరే అన్నాకే కలపండి. మాట్లాడని సమయంలో అందరూ మ్యూట్‌లో ఉండాలి.

ముందు రోజు పరీక్ష

యూట్యూబ్‌లో ప్రైవేట్ అని పెట్టి పది నిమిషాలు లైవ్ చేయండి. చేలో ఆయన అదే చోట, అదే సమయంలో నిలబడి మాట్లాడాలి. పొద్దున బాగున్న సిగ్నల్ సాయంత్రం ఉండకపోవచ్చు. తర్వాత రికార్డింగ్‌ని ఇంకో ఫోన్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఇవి చూసుకోండి:

- ఇద్దరి గొంతులూ ఒకే ఎత్తులో ఉన్నాయా?
- ప్రతిధ్వని ఉందా? ఉంటే హెడ్‌ఫోన్, డెస్క్‌టాప్ ఆడియో, తెరిచి ఉన్న యూట్యూబ్ ట్యాబ్, ఈ మూడూ వరసగా చూడండి.
- చెప్పిన అంకెలన్నీ వినపడ్డాయా?

ఆ మూడో దానికి ఒక తేలిక ఉపాయం ఉంది. ఈ విషయం తెలియని మనిషికి, ఇంట్లో పిల్లలకైనా సరే, రికార్డింగ్ వినిపించి కొలతలు కాగితం మీద రాయమనండి. వాళ్లు రాసిన అంకె, మీరు చెప్పిన అంకె ఒకటే అయితే మీ లైవ్ సిద్ధమైనట్టే. తేడా వస్తే లైవ్ ఒక రోజు వాయిదా వేయండి, ఫర్వాలేదు.