కన్ను తెరవకముందే కరెంటు

జగిత్యాల జిల్లా బీర్పూర్ లాంటి ఊళ్లలో నాటుకోడిని పొదిగేయడం ఇప్పటికీ ఇంటి పనే. గంపలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, కోడిని కూర్చోబెడతారు. అయిదారు రోజులయ్యాక చీకట్లో సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డును ఆనించి చూస్తే సన్నటి రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి. వాటి మధ్య నల్లటి చుక్క ఒకటి ఊగుతూ ఉంటుంది. ఆ చుక్క పిండం కన్ను. ఊగడంలో కొంత ఉమ్మనీటి సంచి ముడుచుకోవడం వల్ల వచ్చేదే. మిగతాది మాత్రం పిండం సొంత కదలిక.

ఆ కన్ను ఇంకా చూడదు, చెవి వినదు, చర్మానికి స్పర్శ తెలియదు. మరి దాన్ని కదిలిస్తున్నదేమిటి?

జర్మనీలో విల్హెల్మ్ ప్రయర్ 1885లోనే ఈ వింతను పుస్తకంలో రాశారు. కోడిపిల్ల పిండం నాలుగో రోజుకే మెడ వంచుతుంది. తాకితే స్పందించడం మాత్రం ఏడో రోజు ప్రాంతంలో గానీ మొదలుకాదు. అంటే ముందు కదలిక వచ్చింది, స్పర్శ తర్వాత వచ్చింది. బయటినుంచి ఏదో తగిలితేనే నాడులు పలుకుతాయన్న నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు. అందుకేనేమో, చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నవారు విక్టర్ హాంబర్గర్. యూదుడైనందుకు నాజీల కాలంలో జర్మనీలో ఉద్యోగం పోగొట్టుకుని అమెరికాలోని సెయింట్ లూయీ చేరిన శాస్త్రవేత్త ఆయన. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ తెరిచి గంటల తరబడి పిండాన్ని చూసేవారు. కాసేపు కదలిక, కాసేపు నిశ్చలం, మళ్లీ కదలిక. 1966లో ఆయన బృందం అచ్చువేసిన ప్రయోగం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. పొదగడం మొదలైన తొలి రోజుల్లోనే పిండం వెన్నుపామును నడుమ కోసి, మెదడుకూ కాళ్లకూ సంబంధం తెంచారు. కాళ్ల దగ్గరి వెన్నుపాములో స్పర్శను అందుకునే వెనుక సగాన్నీ తీసేశారు. ఇక కాళ్లకు పైనుంచి ఆజ్ఞ లేదు, బయటినుంచి కబురు లేదు. అయినా దాదాపు రెండు వారాల వయసు దాకా ఆ కాళ్లు మామూలు పిండం కాళ్లలాగే కదిలాయి. కదలమన్న ఆజ్ఞ వెన్నుపాములో మిగిలిన ఆ కాస్త ముక్కలోనే పుట్టింది! తర్వాత రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త కోడిపిల్ల పిండం వెన్నుపాములో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, ప్రతి కదలికతోపాటే విద్యుత్ సంకేతాల జల్లు కనిపించింది.

ఈ జల్లు ఎలా మొదలవుతుంది? పెద్దవాళ్ల మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాలను శాంతపరుస్తుంది. లేత నాడీకణంలో క్లోరైడ్ ఎక్కువ నిల్వ ఉండటం వల్ల అదే గాబా దాన్ని రేపుతుంది. ఒక కణం రేగితే పక్కవి అందుకుంటాయి, గుంపంతా ఒక్కసారి మెరిసి, అలసి ఆగుతుంది. తేరుకున్నాక మళ్లీ మొదలు. ఎదిగేకొద్దీ కణాలు క్లోరైడ్‌ను బయటికి తోడేయడం నేర్చుకుంటాయి, గాబా శాంతపరిచే పనిలోకి మారుతుంది.

నాటు వేయకముందే రైతు మోటారు వేసి, నీళ్లు ఏ మడికి పారుతున్నాయో చూసి, గట్లు సర్దుకుంటాడు. కంటిలో జరిగేదీ ఇంచుమించు అదే. పుట్టని ఎలుకపిల్ల రెటీనా కణాలు వాటంతటవే సంకేతాలు పంపుతున్నాయని లూసియా గాలీ, లాంబెర్టో మఫేయి 1988లో నమోదు చేశారు. అవి రెటీనా మీద అలలుగా సాగుతాయని 1991లో మైస్టర్, వాంగ్, బేలర్, షాట్జ్ ఫెరెట్ పిల్లల్లో చూపించారు. ఒకే అలలో కలిసి మెరిసిన ఇరుగుపొరుగు కణాల తీగలు మెదడులోనూ పక్కపక్కనే నిలదొక్కుకుంటాయి. వెలుగు సోకకముందే చూపు పటం ఇలా సిద్ధమవుతుంది.

చెవి కథ మన భీమవరం దాకా వస్తుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా కనుక్కున్నారు. కణానికి శక్తినిచ్చే పదార్థంగా దాన్ని బడిలోనే చదువుకుంటాం. 2007లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ బెర్గల్స్ బృందం దాని మరో పనిని చూసింది. శబ్దం ఇంకా వినలేని ఎలుకపిల్లల లోపలి చెవిలో సహాయక కణాలు ఏటీపీని వదులుతాయి. అది తగిలి పక్కనున్న వినికిడి కణాలు ఉలిక్కిపడి, శ్రవణనాడిలోకి సంకేతాలు పంపుతాయి. సుబ్బారావు గారి పేరు చెప్పే ప్రతి పాఠంలోనూ ఈ ముక్క చేర్చాలని నా కోరిక.

మనిషి పిండం ఏడెనిమిది వారాలకే కదలడం స్కానింగులో కనిపిస్తుంది. తల్లికి అది తెలిసేది సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య. అంటే, కడుపులో బిడ్డ తిరుగుతోందని ఆమె చెప్పేనాటికే ఈ సాధన రెండు నెలలకు పైగా సాగి ఉంటుంది.

ఈ సంకేతాలను అణచగలది కాబట్టి, ఇక్కడే కల్లు సంగతి మాట్లాడాలి. కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల్లో ఈతకల్లు, తాటికల్లు పండుగకూ పబ్బానికీ ఉంటాయి. చెట్టు కల్లు పులిసేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం అనే మత్తుమందులు కలుపుతున్నారని తెలంగాణలో ఎక్సైజ్ దాడులు ఏళ్లుగా బయటపెడుతున్నాయి. ఆల్కహాల్‌తో కలిపి ఈ మూడూ కణాల మీద గాబాను అందుకునే గ్రాహకాలకు తగులుతాయి. 2000లో క్రిసాంతీ ఇకోనొమిడౌ, జాన్ ఓల్నీ బృందం వారం వయసు ఎలుకపిల్లలకు ఆల్కహాల్ ఇచ్చి చూసింది. మెదడు ఎదుగుదలలో అది మనిషికి గర్భం చివరి నెలల దశ, గాబా శాంతపరిచే పనిలోకి మారుతున్న కాలం. సంకేతాలు అణగిన కణాలు పెద్ద సంఖ్యలో తమను తామే కూల్చుకున్నాయి. రెండేళ్ల తర్వాత డైజిపామ్‌తోనూ అలాంటి నష్టమే కనిపించింది. ఎలుక మోతాదులను మనిషికి నేరుగా లెక్కకట్టలేం. కానీ తల్లి తాగిన మద్యం బిడ్డ మెదడుకు చేసే హాని మనుషుల్లో 1973 నుంచే వైద్యం గుర్తించినది. గర్భిణికి ఇంత తాగితే ఫర్వాలేదన్న కొలత లేదు.

అయితే, అలవాటు పడ్డవారిని హఠాత్తుగా ఆపించడమూ ప్రమాదమే. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం గట్టిగా దాడులు చేసినప్పుడు పొరుగున నిజామాబాద్‌లో చేతుల వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో జనం ఆసుపత్రులకు వచ్చారు. గర్భిణికి ఫిట్స్ వస్తే ఇద్దరికీ గండమే. ఆశా కార్యకర్త నెలనెలా బరువు గురించీ రక్తం గురించీ అడిగినట్టే, కోప్పడకుండా కల్లు సంగతీ అడగాలి. తాగే అలవాటుందని తేలితే డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించాలి. డైజిపామ్ సంగతి విని భయపడి, మూర్ఛకు మందులు వాడుతున్న గర్భిణులు కూడా వాటిని సొంతంగా మానేయకూడదు, ఏ మందు ఉంచాలో ఏది మార్చాలో డాక్టరే చూస్తారు.