కలుపు తీసే కంటికి చిక్కని ఊద: కామోఫ్లాజ్ పరిణామాన్ని వివరించే కంప్యూటర్ నమూనాలు

పాలేరు జలాశయం ఉన్న కుసుమంచి మండలంలో వరి ప్రధాన పంటలలో ఒకటి. వరి దుబ్బుల మధ్య ఊదను గుర్తించడం కలుపు తీసేవారికి క్లిష్టమైన పని. ఆకు, ఆకు తొడుగు కలిసే చోట వరికి పలుచని పొర ఉంటుంది; ఊదకు ఉండదు. మొక్కను చేతితో పట్టి పరిశీలిస్తే తప్ప ఈ భేదం తెలియదు. వెన్ను వేసిన తరువాత ఊద స్పష్టంగా కనిపించినా, వరి కోతకు ముందే దాని గింజలు చాలావరకు నేలరాలుతాయి.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. పచ్చగడ్డిలో మిడత కలిసిపోయి పక్షి కంట పడకుండా ఉండడాన్ని కామోఫ్లాజ్ అంటారు. వరి పొలంలో పక్షి స్థానాన్ని కలుపు తీసే మనిషి కన్ను ఆక్రమించింది. చైనాలోని యాంగ్సీ నదీ పరీవాహకంలో సేకరించిన 328 ఊద మొక్కల జన్యుక్రమాలను విశ్లేషించిన పరిశోధన 2019లో వెలువడింది. వరిని పోలిన రూపం సుమారు 1000 సంవత్సరాల క్రితం ఏర్పడిందని, పిలకలు నిటారుగా పెరిగే గుణం వరణానికి లోనైందని అది తెలిపింది.

ఇంతటి దీర్ఘకాలిక మార్పును పొలంలో ప్రత్యక్షంగా చూడలేము. అందుకే కంప్యూటర్ నమూనాలు అవసరమవుతాయి. 2002లో 'నేచర్' పత్రికలో బాండ్, కామిల్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, బ్లూ జే పక్షులు కంప్యూటర్ తెరపై రెక్కల పురుగుల చిత్రాలను వెతికాయి. పక్షి గుర్తించిన చిత్రాలకు సంతతినిచ్చే అవకాశం బాగా తగ్గించారు. తరాలు గడిచేకొద్దీ పురుగులను గుర్తించడం కష్టమైంది. వాటి రూపాలలో వైవిధ్యం కూడా పెరిగింది. 2011లో క్రెయిగ్ రేనాల్డ్స్ రూపొందించిన నమూనాలో వేటాడే జీవి పాత్రను మనిషి కన్నే పోషించింది. కలుపు తీతకు ఇది మరింత దగ్గరి ఉదాహరణ.

ఇందులోని సూత్రాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 100 ఊద మొక్కలలో 10 వరిని పోలినవి అనుకుందాం. కలుపు తీతలో సాధారణ మొక్కలలో 90 శాతం, వరిని పోలినవాటిలో 50 శాతం తొలగిపోతాయని భావిస్తే, మిగిలేవి వరుసగా 9, 5. అంటే వరిని పోలినవాటి వాటా 10 నుండి 36 శాతానికి చేరుతుంది. ఇదే రీతిన సాగితే రెండవ తరంలో 74, మూడవ తరంలో 93 శాతమవుతుంది. నేలలోని పాత విత్తన నిల్వ ఈ వేగాన్ని తగ్గిస్తుందే తప్ప దిశను మార్చదు.

ఒకే గుర్తుపై ఆధారపడితే కలుపు ఆ గుర్తును అధిగమిస్తుందని ఈ లెక్క హెచ్చరిస్తున్నది. మన దేశంలో అడవి వరిని వేరుగా గుర్తించేందుకు ఊదారంగు ఆకుల వరిని సాగుచేసిన సందర్భమే దీనికి నిదర్శనం. సహజ సంకరణం, ఏరివేత కలిసి కొద్దికాలంలోనే అడవి వరికీ ఆ రంగును తెచ్చిపెట్టాయి.

కావున ఆకృతితో నిమిత్తం లేని పద్ధతులను చేతి కలుపుతో జోడించాలి. పొలాన్ని తడిపి, మొలకెత్తిన కలుపును కలియదున్నడం రెండు రూపాలనూ సమానంగా తొలగిస్తుంది. కలుపు సంఖ్య తగ్గుతుంది, పోలిక గల మొక్కలకు అదనపు మేలు కలగదు. వరుసలలో నాటితే, వరుస తప్పిన మొక్కను రూపంతో పనిలేకుండా తీసివేయవచ్చు. మిగిలిన ఊదను గింజ రాలకముందే తొలగించాలి. కలుపు విత్తనం లేని శుద్ధమైన వరి విత్తనాన్నే వాడాలి. కలుపు మందుల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది: ఏటా ఒకే విధంగా పనిచేసే మందు వాడితే దానిని తట్టుకునే మొక్కలే మిగులుతాయి.

విద్యార్థులు పై లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో వేసి, తొలగింపు శాతాలను మార్చి చూడవచ్చు. రెండు రూపాలకూ ఒకే శాతం ఇచ్చినప్పుడు వాటా మారకుండా నిలిచిపోవడం గమనిస్తే, సమగ్ర కలుపు యాజమాన్యం ఎందుకు అవసరమో రైతుకు వివరించడం సులభమవుతుంది.