యూనిక్సు సంఖ్యల చిక్కు

కంప్యూటరుకు ప్రాణము వంటిది ఆపరేటింగ్ సిస్టము. పనులను క్రమములో నడపుట, సమాచారమును భద్రపరచుట, ఒకరి పని వేరొకరి పనికి అడ్డు రాకుండ చూచుట దాని బాధ్యతలు. అట్టి వానిలో యూనిక్సు మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని చరిత్రను తెలిసికొనగోరువారిని మొదట తికమకపెట్టునవి దాని పేళ్లలోని సంఖ్యలే.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగు వారు దీని నిర్మాణమునకు పూనుకొనిరి. ప్రోగ్రాము నిత్యము మారుచుండెను. ఒక రూపము ఎప్పుడు ముగిసి, మరియొకటి ఎప్పుడు మొదలైనదో చెప్పుట కష్టము. కావున వారు సంఖ్యను ప్రోగ్రామునకు గాక, దానిని వివరించు పుస్తకమునకు ఇచ్చిరి. మొదటి కూర్పు 1971 నవంబరులోను, ఆరవది 1975లోను, ఏడవది 1979లోను వెలువడెను. పుస్తకపు సంఖ్యయే క్రమముగా ప్రోగ్రామునకు పేరయ్యెను.

ఇంతలో విశ్వవిద్యాలయములకును యూనిక్సు చేరెను. కాలిఫోర్నియాలోని బర్కిలీ వారు దానికి మెరుగులు దిద్ది, 1978 నుండి బి.ఎస్.డి. అను పేర తమ కూర్పులను పంచిరి. వారి సంఖ్యలు మరల ఒకటితో మొదలయ్యెను. పరిశోధనశాలకు మాతృసంస్థయైన ఏ.టి. అండ్ టి. వ్యాపారమునకై మొదట సిస్టమ్ మూడును, 1983లో సిస్టమ్ అయిదును విడుదల చేసెను. మరి నాలుగు ఏమైనది? అది సంస్థ లోపలనే నిలిచిపోయెను! బర్కిలీ వారు తమ నాలుగవ కూర్పు తరువాత అయిదవది అని పేరిడదలచిరి. అట్లయిన కొనువారు దానిని సిస్టమ్ అయిదుగా భ్రమపడుదురని ఏ.టి. అండ్ టి. అభ్యంతరము తెలిపెను. అందుచే వారు 4.1, 4.2, 4.3 అని నాలుగును విడువక సాగిరి. ఇట్లు 1979 నాటి ఏడు, 1983 నాటి అయిదునకు అన్న అయినది.

ఈ చిక్కు పేళ్లతో ముగియలేదు. ఒక యూనిక్సుకై వ్రాసిన ప్రోగ్రాము మరియొక దానిపై నడువకపోవుచుండెను. అందుకే 1988లో పోసిక్స్ అను ఉమ్మడి నియమావళి ఏర్పడెను.

మొదటి కూర్పు చరిత్ర మరింత విచిత్రమైనది. కంప్యూటరులో నడుపదగిన దాని ముఖ్యభాగము చాలకాలము వరకు దొరకలేదు. 1972 నాటి అచ్చుకాగితములు మాత్రము మిగిలియుండెను. 2008లో ఉత్సాహవంతులు కొందరు ఆ కాగితములలోని ప్రోగ్రామును కంప్యూటరులోనికి మరల ఎక్కించి, తప్పులు సరిదిద్ది, దానిని నడిపించిరి. ఒకనాడు పుస్తకము యూనిక్సుకు పేరిచ్చెను; మరియొకనాడు కాగితము దానికి పునర్జన్మ నిచ్చెను. సంఖ్యను మాత్రమే నమ్మక, దానిని ఎవరు, ఎప్పుడు, దేనికి పెట్టిరో విచారించినవారికే ఇట్టి చరిత్ర బోధపడును.