నిమజ్జన మండలాలు: ఖనిజ రసాయన సాక్ష్యం

కామారెడ్డి జిల్లా రాజంపేట పరిసరాల్లోని గ్రానైట్‌ను కొత్తగా పగిలిన చోట పరిశీలించండి. తెలుపు, గులాబి రంగు ఫెల్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, వాటి మధ్య నల్లని మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలు సాధారణంగా బయొటైట్, హార్న్‌బ్లెండ్ ఖనిజాలు. రెండింటి స్ఫటికాల్లోనూ హైడ్రాక్సిల్ ఉంటుంది. అంటే, ఇవి ఏర్పడిన శిలాద్రవంలో నీరు ఉండేది. తూర్పు ధార్వార్ క్రేటాన్‌కు చెందిన ఈ గ్రానైట్ల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అంత లోతుకు నీరు ఎలా చేరింది?

నేడు నీరు లోతుకు చేరే ప్రధాన మార్గం నిమజ్జన మండలం. ఒక సముద్ర పలక మరో పలక కిందికి దిగే ప్రాంతమిది. అండమాన్ వద్ద భారత పలక ఇలాగే దిగుతోంది. బారెన్ దీవి అగ్నిపర్వతం దాని ఫలితమే. 2004 సునామీకి కారణమైన భూకంపమూ ఆ మండలంలో పుట్టిందే. దిగే పలకలోని సర్పెంటైన్, క్లోరైట్, మైకా వంటి ఖనిజాలు తమలో నీటిని పట్టి ఉంచుతాయి. లోతుకు వెళ్ళేకొద్దీ పీడనం, ఉష్ణోగ్రత పెరిగి అవి విఘటనం చెందుతాయి. విడుదలైన నీరు పైనున్న ప్రావారంలో చేరి, దాని ద్రవీభవన ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. వేడి పెరగకుండానే రాయి కరగడం ఇక్కడి విశేషం.

ఆ నీరు అన్ని మూలకాలనూ సమానంగా మోసుకుపోదు. బేరియం, సీసం, పొటాషియం సులభంగా కదులుతాయి. నియోబియం, టాంటలం, టైటానియం అంతగా కదలవు. రూటైల్ అనే ఖనిజం వాటిని పలకలోనే నిలిపి ఉంచుతుంది. అందువల్ల పైన పుట్టే శిలాద్రవంలో మొదటి వర్గం ఎక్కువగా, రెండోది తక్కువగా ఉంటాయి. మూలకాల రేఖాపటంలో నియోబియం దగ్గర కనిపించే పల్లాన్ని గీసి ఊరుకోకండి, కారణంగా రూటైల్‌ను కూడా పేర్కొనండి.

మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. గద్వాల హరితశిలా మేఖలలో సుమారు 270 కోట్ల ఏళ్ళనాటి బొనినైట్లు ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన సి. మాణిక్యాంబ, సహ పరిశోధకులు 2005లో ప్రకటించారు. జపాన్‌లోని బొనిన్ దీవుల పేరు పెట్టిన ఈ శిలల్లో సిలికా, మెగ్నీషియం రెండూ ఎక్కువ, టైటానియం చాలా తక్కువ. ఒకసారి కరిగి ద్రవాన్ని కోల్పోయిన ప్రావారం, నీటి చేరికతో మళ్ళీ కరిగితేనే సాధారణంగా ఇలాంటి కూర్పు వస్తుంది.

అయితే రాజంపేట గ్రానైట్‌లో నియోబియం తక్కువగా కనిపించినంత మాత్రాన అక్కడ పలక దిగిందని రాయకూడదు. అంతకుముందున్న భూపటలం కరిగి గ్రానైట్ ఏర్పడితే, ఆ లోటు, ఆ నీరు రెండూ దానికి వారసత్వంగానే రావచ్చు. హార్న్‌బ్లెండ్‌లోని అల్యూమినియం పరిమాణం ఆ ఖనిజం ఎంత పీడనంలో స్ఫటికీకరించిందో అంచనా వేయడానికి తోడ్పడుతుంది. కాని నీటి మూలాన్ని అది చెప్పదు. అందుకే ఐసోటోపుల విశ్లేషణ, క్షేత్రంలో శిలల పరస్పర సంబంధాలు కూడా అవసరమవుతాయి. ఆర్కియన్ కాలంలో పలకలు నేటిలాగే దిగేవా అన్న చర్చ ఇంకా ముగియలేదు.