ఏ ఫోను మంచిదండీ?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని తెలిస్తే చాలు, పెళ్ళికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు. ఇక్కడ సస్కటూన్‌లో సంక్రాంతికి మనవాళ్ళందరం ఒకచోట చేరతాం. బయట మైనస్ ముప్ఫై చలి, లోపల వేడివేడి పొంగలి, చేతిలో పళ్ళెం ఉండగానే ఎవరో ఒకరు అడుగుతారు: "అమ్మావాళ్ళు వస్తున్నారండీ. ఐఫోన్ కొనమంటారా, ఆండ్రాయిడ్ కొనమంటారా? దేంట్లో యాప్‌లు బాగుంటాయి?"

చాలాకాలం ధర గురించో కెమెరా గురించో నాలుగు మాటలు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు తీరిగ్గా జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక యాప్ బాగుండటం అన్నది ఆ యాప్ రాసినవాళ్ళ చేతిలో సగమే ఉంటుంది. మిగతా సగం దాని కింద ఉండే ఆపరేటింగ్ సిస్టం చేతిలో ఉంటుంది. ఇల్లు ఎంత ముచ్చటగా కట్టినా పునాది వేరేవాళ్ళు వేసిందే కదా. తప్పు ఇంట్లో ఉందా పునాదిలో ఉందా అన్నది తేల్చుకోకుండా రెండు ఫోన్లను పోల్చడం కుదరదు. ఇందుకు మన తెలుగుకు సంబంధించిన ఉదాహరణే ఒకటి ఉంది.

ఒక అక్షరం చేసిన అల్లరి

2018 ఫిబ్రవరి నడుమ ప్రపంచంలోని పత్రికలన్నీ ఉన్నట్టుండి తెలుగు గురించి రాశాయి. ఒక తెలుగు అక్షరం ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోతోందని వార్త. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో ఉన్న అక్షరమే అజ్ఞానానికి కారణమైందని మనవాళ్ళు జోకులు కూడా వేసుకున్నారు. ఐమెసేజ్, వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ వంటివన్నీ దెబ్బతిన్నాయి. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే ఫోను తెరే మొరాయించేది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఆ మెసేజ్ మామూలుగా కనిపించేది.

నిజానికి నేరం మన అక్షరానిది కాదు. మనం రోజూ రాసే 'జ్ఞానం' వల్ల ఏ ఫోనూ ఆగలేదు. ఇందులో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఫోను తెలుగును ఎలా రాస్తుందో కొంచెం చెప్పుకోవాలి.

ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక సంఖ్య, ఒక బొమ్మ. తెలుగులో అలా కాదు. 'లక్ష్మి' అన్న మాట మన కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్‌లో దాన్ని దాచుకునేది ఏడు సంఖ్యలుగా: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ చూసి, ఏది ఒత్తు కావాలి, ఏది ఎక్కడ కూర్చోవాలి, గుడి ఎవరి నెత్తిన పెట్టాలి అని లెక్కవేసి బొమ్మ గీసే పని ఒక ప్రత్యేక ప్రోగ్రాముది. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. ఆపిల్ వస్తువుల్లో కోర్‌టెక్స్ట్. యాప్ రాసేవాడు సాధారణంగా దీని జోలికి పోడు, అక్షరాలను దానికి అప్పగించి ఊరుకుంటాడు.

2018లో ఇబ్బంది పెట్టిన వరుసలో జ, పొల్లు, ఞ తరవాత, దీర్ఘానికి ముందు, కంటికి కనపడని ఒక సంకేతం ఉంది. పక్కపక్క అక్షరాలను కలపవద్దని చెప్పడానికి వాడే సంకేతం అది. మామూలుగా అక్కడ ఉండనక్కరలేదు. ఉన్నా, దాన్ని పట్టించుకోకుండా ముందుకు పోవాలి. కోర్‌టెక్స్ట్ తికమకపడి మెమరీని పాడుచేసుకుంది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలకు ఇదే గతి పట్టింది. పేరు మాత్రం తెలుగుకు వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. వాట్సాప్ ఒకటే, చేసిన కంపెనీ ఒకటే, వచ్చిన మెసేజూ ఒకటే. ఒక ఫోనులో పడింది, ఇంకో ఫోనులో నిలబడింది. ఆ వారం ఐఫోన్‌లో వాట్సాప్‌కు ఒక నక్షత్రం ఇచ్చి తిట్టినవాళ్ళుంటే, వాళ్ళు తప్పు తలుపు తట్టినట్టే.

అయితే ఆండ్రాయిడే మేలా?

తొందరపడకండి. ఈ కథకు రెండో సగం ఉంది. ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి తప్పు సరిదిద్దింది. అదే రోజున ఆ వెర్షన్ నడపగల ఐఫోన్లన్నిటికీ అది అందుబాటులోకి వచ్చింది. ఫోనూ, ఆపరేటింగ్ సిస్టమూ ఒక్కరివే కావడంలో ఉన్న లాభం ఇది.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. అక్కడ తెలుగు, కన్నడ, మలయాళ లిపులు అధికారికంగా చేరింది 2012లో, 4.1 వెర్షన్‌తో. కానీ అప్పటికి జనం చేతుల్లో ఉన్న ఎక్కువ ఫోన్లలో 2.3 వెర్షన్ నడుస్తోంది. గూగుల్ కొత్త వెర్షన్ ఇచ్చినా ఫోను చేసిన కంపెనీ దాన్ని తన ఫోనుకు సరిపడేట్టు మార్చి పంపాలి. చాలా కంపెనీలు పాత ఫోన్లకు పంపలేదు. మందు తయారైంది కానీ రోగి దగ్గరకు చేరలేదు. ఈమధ్య పరిస్థితి మెరుగైంది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కీ, 2024లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. చవక ఫోన్లకు ఇంత హామీ సాధారణంగా ఉండదు. ఊళ్ళో అమ్మకో అత్తయ్యకో ఫోను కొనేటప్పుడు, 'ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు' అన్న ప్రశ్న కెమెరా కంటే ముందు అడగాలని అందుకే అంటాను.

గంట ముందొచ్చిన అమ్మ

ఇక తప్పు యాప్‌దే అయిన సంగతి ఒకటి మా ఇంటిదే చెబుతాను.

మా పిల్లలకు తెనాలి నుంచి అమ్మ ప్రతివారం వీడియోలో తెలుగు చెబుతుంది. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిది, అక్కడ ఆదివారం పొద్దున్న ఏడున్నర. మన సస్కచ్వాన్‌లో గడియారాలు మార్చే పని లేదు, 1966 చట్టం నాటి నుంచీ అంతే. కాబట్టి ఇండియాకీ మనకీ ఏడాది పొడుగునా పదకొండున్నర గంటల తేడాయే. గుర్తు పెట్టుకోవడం సులువు.

ఒక మార్చి నెలలో అమ్మ ఆరున్నరకే స్నానం, పూజ ముగించుకుని ఫోను ముందు కూర్చుంది. గంట గడిచాక మేం వచ్చేసరికి, "ఏరా, పిల్లలకి ఒంట్లో బాగాలేదా? ఇంతసేపు ఎవరూ రాకపోతే భయమేసింది" అంది. ఆ గంటలో ఆవిడ ఎన్ని ఊహించుకుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తీరా చూస్తే, మేం వాడే క్యాలెండరు యాప్ సస్కటూన్‌ను షికాగో కాలమానం కింద లెక్కగట్టింది. చలికాలంలో రెండూ ఒకటే కాబట్టి తప్పు బయటపడలేదు. మార్చిలో షికాగో గడియారం గంట ముందుకు జరిగింది, మాది జరగలేదు. నా ఐఫోన్‌లోనూ, అమ్మ ఆండ్రాయిడ్‌లోనూ ఒకే తప్పు సమయం కనిపించింది. అలవాటుకొద్దీ నేను చూసుకోలేదు, అంతే. రెండు ఆపరేటింగ్ సిస్టములకీ సస్కచ్వాన్ సంగతి తెలుసు, రెజైనా నగరం పేరుతో ఆ కాలమానం వాటిలో విడిగా ఉంటుంది. దాన్ని అడగకుండా సొంత తెలివి చూపించింది యాపే.

పంచాంగం యాప్‌లదీ ఇదే సమస్య. మన పండుగలు చాలావాటికి సూర్యోదయానికి ఉన్న తిథి లెక్క. సస్కటూన్‌లో జూన్‌లో దాదాపు అయిదింటిలోపే తెల్లవారుతుంది, డిసెంబరులో తొమ్మిది దాటాక. ఊరు అడగకుండా హైదరాబాదు సమయాలు చూపించే పంచాంగం ఏ ఫోనులో ఉన్నా మనకు పనికిరాదు.

అంకెలను నమ్మి లాభం లేదు

యాప్‌ల సంఖ్య చూసి ఫోను కొనేవాళ్ళకు మన కెనడాలోనే ఒక పాఠం ఉంది. ఆంటేరియోలోని వాటర్లూలో పుట్టిన బ్లాక్‌బెర్రీ 2013 జనవరిలో బ్లాక్‌బెర్రీ 10ని విడుదల చేస్తూ 70,000 యాప్‌లున్నాయని చెప్పింది. వాటిలో కొంత భాగం ఆండ్రాయిడ్ నుంచి మార్చి తెచ్చినవి. ఆ ఫోన్ల కీబోర్డును మెచ్చుకోనివాళ్ళు లేరు. కానీ 2017 చివరితో వాట్సాప్ అక్కడ పనిచేయడం మానేసింది. కుటుంబమంతా ఉన్న గుంపులో ఒక్కరు మిగిలిపోతే, డెబ్భై వేల యాప్‌లున్నా ఏం లాభం? 2022 జనవరి 4న పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలే ఆగిపోయాయి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షలు

ఏ యాప్ అయినా సరే, పావుగంటలో ఇవి చేసి చూడండి.

ఒకటి: లక్ష్మి, స్త్రీ, అర్ఘ్యం, జ్ఞానం అని రాయండి. ఒత్తులు విడిపోతే సరిగా లేనట్టే.

రెండు: ఫోను సెట్టింగుల్లో అక్షరాల సైజు బాగా పెంచండి. ఇంగ్లీషు కొలతలతో వరుసల ఎత్తు బిగించేసిన యాప్‌లో కింది ఒత్తులు తెగిపోతాయి. కళ్ళజోడు పెట్టుకునే పెద్దవాళ్ళకు మొదట ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

మూడు: ఒక తెలుగు పేరు దాచి, తెలుగులోనే వెతకండి. దొరకాలి.

నాలుగు: పేరు రాసే చోట పొడుగాటి పేరు రాయండి. ఏడు సంఖ్యల 'లక్ష్మి'ని ఏడక్షరాలుగా లెక్కబెట్టే యాప్ మన పేర్లను మధ్యలో తుంచేస్తుంది.

అయిదు: మార్చి తరవాతి తేదీకి ఒక సమయం పెట్టి, ఇండియాలో ఎన్నింటికి చూపిస్తోందో కనుక్కోండి.

తేడా కనిపిస్తే ఎవరిని అడగాలన్నది తేల్చుకోవడానికి ఒక చిన్న సూత్రం. ఒకే ఫోనులో అనేక యాప్‌లలో ఒకే తప్పు కనిపిస్తే అది చాలామటుకు ఆపరేటింగ్ సిస్టందే, 'జ్ఞా' లాగా. రెండు రకాల ఫోన్లలోనూ ఒకే యాప్‌లో కనిపిస్తే అది యాప్‌ది, మా క్యాలెండరు లాగా. ఒక ఫోనులో, ఒక్క యాప్‌లో మాత్రమే కనిపిస్తే, ఆ యాప్‌వాళ్ళు రెండో ఫోను మీద చూపినంత శ్రద్ధ దీనిమీద చూపలేదని అనుమానించవచ్చు.

తెలుసుకున్నాక ఊరుకోకండి, రెండు ముక్కలు రాసి పంపండి. నేను ఆ రెండో వైపున కూర్చునేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ఫిర్యాదు రాని భాషను పరీక్షించే జట్టు అరుదు. మనం నోరు మెదపకపోతే తెలుగు బాగానే ఉందని అనుకుంటారు.

ఇక సంక్రాంతినాటి ప్రశ్నకు నా జవాబు. అమ్మగారికి చేతికి అలవాటైన ఫోను ఏదో అదే ఉంచండి, అప్‌డేట్లు వస్తుంటే చాలు. ఆవిడ రోజూ వాడే నాలుగు యాప్‌లను మాత్రం మీరే పక్కన కూర్చుని పరీక్షించి ఇవ్వండి. పావుగంట పని. మా అమ్మ వృథాగా భయపడిన గంటతో పోలిస్తే అది ఎంతని?