దేశం కట్టుకునే ఊరు

మన దేశంలో పెద్ద నగరాలేవో చెప్పమంటే ఎవరైనా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలతో మొదలుపెడతారు. హైదరాబాద్, బెంగళూరు ఎలాగూ వస్తాయి. అహ్మదాబాద్, పుణె దాకా వచ్చాక కాస్త తడుముకుని జైపూర్, లక్నో అంటూ కోటలు, రాజధానుల వైపు వెళ్లిపోతారు. ఆ తడుముకునే చోట జారిపోయే పేరు సూరత్. 2011 జనగణన నాటికే అక్కడ 44 లక్షలకు పైగా జనం. అప్పటి విశాఖ, విజయవాడ జనాభాలు కలిపినా అంత కాలేదు. అయినా గుర్తుకు రాదు. రాజధాని కాదు, యాత్రాస్థలం కాదు, సినిమాలకు పుట్టిల్లు కాదు, టెస్టు మ్యాచ్ జరిగిన ఊరూ కాదు. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లకు మాత్రం 1907 కాంగ్రెస్ సమావేశంలో మితవాదులూ అతివాదులూ విడిపోయిన ఊరుగా ఒక మార్కు మేర తెలుసు. ఇంట్లో బీరువా తెరిస్తే అందులో సూరత్ సరుకు ఒక్కటైనా ఉండకపోదు. పేరు తెలియకుండానే ఇంత దగ్గరగా ఉన్న మహానగరం దేశంలో మరొకటి లేదనుకుంటాను.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తాపీ నది 700 కిలోమీటర్లకు పైగా పడమరకు ప్రవహించి, సముద్రంలో కలిసే ముందు సూరత్‌ను చుట్టుకుని వెళుతుంది. పాత ఊరు ఆ వంపులోనే ఉంది. చౌక్ బజార్ దగ్గర నది ఒడ్డున గుండ్రటి బురుజులతో నిలిచిన కోటను 16వ శతాబ్దంలో గుజరాత్ సుల్తానుల కాలంలో కట్టారు. పోర్చుగీసువాళ్లు ఓడల్లో వచ్చి ఊరిని తగలబెట్టి పోతుంటే విసిగి కట్టిన కోట అది. ఇప్పుడు మరమ్మతు చేసి మ్యూజియంగా మార్చారు. అక్కడికి నడక దూరంలోనే మొఘల్ సరాయి ఉంది. షాజహాన్ కాలంలో 1644లో కట్టిన సత్రం ఇది. మక్కా వెళ్లే యాత్రికులు ఓడ ఎక్కడానికి దేశం నలుమూలల నుంచీ ఇక్కడికే వచ్చేవారు. సూరత్‌ను ‘మక్కా ద్వారం’ అనేవారు. ఒకప్పుడు యాత్రికులు మూటలు దించుకున్న ఆ గదుల్లో ఇప్పుడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం నడుస్తోంది. పన్ను కట్టడానికీ ధ్రువపత్రాలకూ వచ్చినవాళ్లు మొఘల్ తోరణం కింద నుంచి మామూలుగా నడిచి వెళ్లిపోతుంటారు. పాత కట్టడాన్ని తాడు కట్టి దూరం నుంచి చూపించడం కంటే ఇలా వాడుకోవడమే నాకు నచ్చింది.

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ మన దేశంలో మొదట కాలు పెట్టింది కూడా ఇక్కడే. 1608లో హాకిన్స్ అనే కెప్టెన్ ఓడ సూరత్ రేవుకు వచ్చింది. 1612లో సువాలి తీరంలో పోర్చుగీసులను ఓడించాక ఇంగ్లిష్‌వాళ్లకు ఇక్కడ వర్తకశాల పెట్టుకునే అనుమతి దొరికింది. ఆ రోజుల్లో వీర్జీ వోరా లాంటి సూరత్ షావుకార్లు కంపెనీకే అప్పులిచ్చేవారు. అంత డబ్బున్న ఊరు కాబట్టే శివాజీ 1664లో ఒకసారి, 1670లో మరోసారి దాడి చేశాడు. మొదటి దాడిలో మొఘల్ గవర్నరు కోటలోకి దూరి తలుపులు వేసుకుంటే, ఇంగ్లిష్ వర్తకశాలను కాపాడుకున్నవాడు దాని అధ్యక్షుడు జార్జ్ ఆక్సెండెన్. కతార్‌గామ్ వైపు ఇంగ్లిష్ శ్మశానంలో అతనికీ, అతని సోదరుడికీ కలిపి కట్టిన సమాధి దాదాపు 40 అడుగుల ఎత్తుంటుంది. గుమ్మటాలూ స్తంభాలతో దూరం నుంచి ఏ నవాబు సమాధో అనిపిస్తుంది. దగ్గర్లోని డచ్చి శ్మశానంలో వాన్ రీడ్ సమాధి దాంతో పోటీ పడుతుంది. మలబారు మొక్కల మీద 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ తయారు చేయించిన వాన్ రీడ్ ఇతనే. 1691లో సూరత్‌కు వస్తూ దారిలో ఓడలోనే చనిపోయాడు. బతికుండగా సరుకు కోసం పోటీ పడిన ఇంగ్లిష్, డచ్చి కంపెనీలు రెండూ చచ్చాక గుమ్మటాల ఎత్తులోనూ పంతం వదల్లేదన్నమాట.

1687లో కంపెనీ తన ప్రధాన స్థానాన్ని బొంబాయికి మార్చుకుంది. తాపీ ముఖద్వారం పూడుకుపోతూ వచ్చింది. 1837లో ఒకే ఏడాది అగ్నిప్రమాదం, వరద రెండూ ముంచుకొచ్చాయి. 19వ శతాబ్దం మధ్యకల్లా ఊళ్లో మిగిలినవాళ్లు సుమారు 80 వేలు. సూరత్ కథ అక్కడితో ముగిసినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఒకనాడు సూరత్‌తో సమానంగా పేరు మోసిన మన మచిలీపట్నానికి అలాగే జరిగింది కదా.

సూరత్‌ను నిలబెట్టింది సన్నటి తీగ. వెండి కడ్డీని చిన్న చిన్న రంధ్రాల గుండా లాగుతూ పోతే వెంట్రుక కంటే సన్నబడుతుంది. దాన్ని రేకులా అణచి, పట్టుదారం చుట్టూ చుట్టి, బంగారు పూత పోస్తే జరీ అవుతుంది. కంచి, గద్వాల, ధర్మవరం చీరల అంచుల్లో మెరిసే జరీ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. మగ్గం మనది, నేత మనది, మెరుపు సూరత్‌ది. ఇప్పుడు వెండి బదులు రాగి, అదీ కాకపోతే ప్లాస్టిక్ పొర వాడే జరీయే ఎక్కువ. ధర చూసి కొనేవాళ్లకు ఆ తేడా తెలియాల్సిందే. జరీ నుంచి పట్టుకు, పట్టు నుంచి ఆర్ట్ సిల్క్‌కు, అక్కడి నుంచి పాలియెస్టర్‌కు ఊరు అంచెలంచెలుగా మారింది. ఇప్పుడు సూరత్ చుట్టుపక్కల ఆరేడు లక్షల మరమగ్గాలున్నాయని పరిశ్రమవాళ్ల లెక్క. ఉధ్నా, పాండేసరా, లింబాయత్ సందుల్లో తిరిగితే షెడ్లలోంచి వచ్చే మగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడదు. ఆ చప్పుడులో పన్నెండేసి గంటల షిఫ్టులు పనిచేసేది ఎక్కువగా బయటివాళ్లే: ఒడిశాలోని గంజాం నుంచి, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, మన తెలంగాణ నుంచి.

నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ‘సూరత్ పోయిండు’ అన్న మాట తెలియని పద్మశాలి వాడ ఉండదు. చేతిమగ్గం అన్నం పెట్టని రోజుల్లో తాతలు కొందరు షోలాపూర్, భివండి పోతే, ఇంకొందరు సూరత్ బండెక్కారు. వాళ్ల పిల్లలు, మనవలు అక్కడే స్థిరపడ్డారు. కులదైవం మార్కండేయుడూ, బతుకమ్మా వాళ్లతోనే వెళ్లారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మన ఊళ్లలోనే తెలుగు మాధ్యమం తగ్గిపోతున్న కాలంలో ఒక గుజరాతీ నగరం తెలుగులో పాఠాలు చెప్పించడం నాకు వింతగానూ, కొంచెం సిగ్గుగానూ అనిపించింది. వలసపోయిన నేతగాళ్లను వెనక్కి రప్పిస్తామన్న మాటతోనే 2017 అక్టోబర్‌లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి వేశారు. దానికి నెల ముందే తెలంగాణ ప్రభుత్వం తొలిసారి పంచిన బతుకమ్మ చీరల్లో సగానికి దగ్గరగా సూరత్ నుంచి తెప్పించారు. సిరిసిల్ల మగ్గాలు ఆ గడువుకు అన్ని నేయలేకపోయాయి. నాసిరకమంటూ కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని తగలబెట్టారు. ఆ చీరల్లో కొన్నింటిని అక్కడి తెలుగు చేతులే నేసి ఉండవచ్చన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ తట్టలేదు.

బట్ట సూరత్‌కు ఒక చెయ్యి అయితే వజ్రం రెండోది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది ఇక్కడి చేతుల మీదుగానే పోతాయని చెబుతారు. సౌరాష్ట్రలో వానలు మొహం చాటేసిన ఏళ్లలో పొలాలు వదిలి వచ్చిన పటేళ్లు ఈ పనిని పట్టుకున్నారు. తిరిగే ఇనుప పళ్లెం మీద వజ్రపు పొడి, నూనె కలిపి రాస్తారు. వజ్రాన్ని కోయగలిగింది వజ్రమే కదా. ఆవగింజంత రాయికి 57 ముఖాలు తీర్చి, భూతద్దంలో చూస్తే ఒక్కటీ గీత తప్పి ఉండదు. ఇంతకంటే పెద్ద వింత మహీధర్‌పురా వీధిలో ఉంది. కోట్ల విలువైన వజ్రాల బేరం అక్కడ ఫుట్‌పాత్ మీద, స్కూటర్ సీటు మీద నడుస్తుంది. జేబులోంచి మడతపెట్టిన కాగితం పొట్లం తీస్తారు, చిమటాతో రాయిని పైకెత్తుతారు, మాట ఇస్తారు. అంతే. ఆ మాటల బజారుకు పక్కా ఇల్లు కావాలని ఊరి చివర ఖజోద్‌లో డైమండ్ బోర్స్ కట్టి 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు: 15 అంతస్తుల తొమ్మిది టవర్లు, నాలుగు వేల పైచిలుకు ఆఫీసులు, 67 లక్షల చదరపు అడుగులు. అమెరికా రక్షణశాఖ భవనం పెంటగాన్ కంటే పెద్దది. తెరిచాక చాలాకాలం చాలా గదులు తాళాలతోనే ఉన్నాయి. వజ్రాల వ్యాపారికి అద్దాల మేడకన్నా తెలిసిన మొహాలున్న సందే నమ్మకమేమో. పైగా రోజులు బాగాలేవు. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు ధరలను దించేశాయి, అమెరికాలో గిరాకీ తగ్గి ఎంతోమంది సానపనివాళ్లకు పని పోయింది. ఈ రాళ్లకూ మనకూ ఉన్న బంధం పాతది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్‌లో దిగి గోల్కొండ దారి పట్టింది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల కోసమే. ఇప్పుడా కొల్లూరు గనుల మీద పులిచింతల నీళ్లు నిలిచాయి.

సూరత్ పేరు దేశమంతా ఒక్కసారి మారుమోగింది, అదీ చెడ్డగా. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వ్యాపించి యాభై మందికి పైగా చనిపోయారు. లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. చెత్త కుప్పలుగా పేరుకున్న ఊరు అని అందరూ ముక్కు మూసుకున్నారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. రావు పూర్తిపేరు సూర్యదేవర రామచంద్రరావు. ఆ ఇంటిపేరు మనకు కొత్తది కాదు. ఆయన నగరాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి, తనకున్న అధికారాలే ఒక్కో జోన్ అధికారికీ ఇచ్చారు. పొద్దున్నే ఏసీ గదులు వదిలి అధికారులంతా వీధుల్లోకి వెళ్లాల్సిందే. అడ్డగోలు కట్టడాలు కూల్చారు, శుభ్రత లేని హోటళ్లకు జరిమానాలు వేశారు. రెండేళ్లు తిరక్కుండానే చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరత్ అన్నారు. అధికారి బదిలీ అయితే పద్ధతీ బదిలీ కావడం మనకు అలవాటు. ఇక్కడ అలా జరగలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. మురుగునీటిని శుద్ధిచేసి పాండేసరా అద్దకం మిల్లులకు అమ్మే ప్లాంటు 2014 నుంచీ నడుస్తోంది, రోజుకు 4 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం. నీళ్లు కూడా సరుకే అనుకునే ఊరికే తట్టే ఆలోచన ఇది. అయితే తాపీ ఎప్పుడూ మంచిగా ఉండదు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ గేట్లు ఎత్తితే ఊళ్లో మూడొంతులు మునిగిపోయింది.

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలు అంటారు. ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముద్దను చిదిమి, పైన నూనె, సేవ్, ఉల్లిపాయ వేసి ఇచ్చే లోచో పొద్దుటి టిఫిన్. శరత్ పౌర్ణమి మర్నాడు ఊరు ఊరంతా నెయ్యి కారే ఘారీలు తింటుంది. చలికాలంలో మాత్రం పొంక్ కోసమే వెళ్లాలి. కాల్చిన లేత జొన్న గింజలు, మన జొన్న ఊచబియ్యమే. నిమ్మరసం సేవ్‌తో తింటారు, దాంతో వడలూ వేస్తారు. చలికాలం దాటితే దొరకడం కష్టం.

వెళ్లాలంటే చెన్నై నుంచి అహ్మదాబాద్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా సూరత్ చేరుస్తుంది. ముంబై దాకా వెళ్లగలిగితే అక్కడి నుంచి మూడు, నాలుగు గంటల రైలు. హైదరాబాద్ నుంచి విమానాలూ ఉన్నాయి. కోట, మొఘల్ సరాయి, శ్మశానాలు ఒక పూటలో చూడొచ్చు. మహీధర్‌పురాకు మధ్యాహ్నం దాటాక వెళ్లండి, బేరం జోరుగా ఉంటుంది, ఫొటోలు మాత్రం అడిగి తీసుకోండి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు ఆదివారం సెలవు. అక్కడ చాలా దుకాణాల్లో ఒక్క చీర అమ్మరు, కొంటే సెట్టు మొత్తం కొనాలి. అక్కచెల్లెళ్లను, వదినలను వెంట తీసుకెళితే పంచుకోవచ్చు.